జాబితాలో నడక, వస్తువుల యాయువు
(ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొను విద్యార్థుల కొక పాఠము)

కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాయు విద్య నేఁడు ఉన్నతపాఠశాలలలో సైతము బోధింపఁబడుచున్నది. కూడికలు, పోలికలు, ఒకే పనిని పలుమాఱులు చేయించుట మొదలగువానిని మన విద్యార్థులు త్వరలోనే గ్రహించుచున్నారు. కాని యొక జాబితాలోని వస్తువుల నొకదాని వెంట నొకటిగా చూచుచు పోవునపుడు ఆ జాబితానే మార్చినచో నేమి జరుగును? ఒక వస్తువును చూపు గుర్తు మన చేతిలో నుండఁగానే ఆ వస్తువు నశించినచో నేమి జరుగును? ఈ రెండు ప్రశ్నలను ఆరంభదశలో పెక్కండ్రు విచారింపరు. విచారింపకపోవుటచేఁ గలుగు దోషములు చూపునకుఁ జిన్నవి, ఫలమునకుఁ బెద్దవి. ఈ వ్యాసమున ఆ రెండు ప్రశ్నలకును సమాధానము చెప్పఁ బూనుకొంటిమి. చదువువారు కాగితమును, పెన్సిలును దగ్గఱ నుంచుకొని ఉదాహరణములను తామే వ్రాసి చూచుకొందురేని విషయము సులభముగా బోధపడును.

1. కంటెయినరు, ఇటరేటరు

పెక్కు వస్తువులను ఒకచోటఁ గూర్చి యుంచు ఏర్పాటునకు కంటెయినరని పేరు. ఇవి పలువిధములు. కొన్నింటిలో వస్తువులు ప్రక్కప్రక్క గదులలో వరుసగా నుండును. సీ ప్లస్ ప్లస్ భాషలోని వెక్టరు, పైథాను భాషలోని లిస్టు ఇట్టివి. కొన్నింటిలో ఒక్కొక్క వస్తువు వేఱు వేఱు తావులలో నుండి, తన తరువాతి వస్తువు యొక్క చిరునామాను తనయొద్ద నుంచుకొనును; దీనికి లింకుడు లిస్టని పేరు. మఱికొన్నింటిలో వస్తువు పేరును బట్టి యొక సంఖ్యను గణించి, ఆ సంఖ్య చొప్పున గదిని నిర్ణయింతురు. దీనిని హాష్ టేబులందురు.

కంటెయినరులోని వస్తువులను వరుసగా చూచుటకు సాధనము ఇటరేటరు. ఉపాధ్యాయుఁడు హాజరుపట్టీలో పేర్లు పిలుచునపుడు ఒక్కొక్క పేరు మీఁద వ్రేలు నుంచి క్రిందికి జరపును గదా. ఆ వ్రేలే ఇటరేటరు వంటిది. ఈ భావమునకు ప్రోగ్రాము భాషలలోఁ జక్కని రూప మొసంగినవారిలో బార్బరా లిస్కొవ్ అను విదుషీమణి ముఖ్యురాలు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1970-80 సంవత్సరముల నడుమ ఆమెయు, ఆమె శిష్యులును నిర్మించిన సీ ఎల్ యూ అను భాషలో ఇటరేటరులు గలవు. పిమ్మట అలెగ్జాండర్ స్టెపనోవ్, మెంగ్ లీ అనువారు సమకూర్చిన గ్రంథాలయము 1994లో సీ ప్లస్ ప్లస్ ప్రమాణములోనికి అంగీకరింపఁబడి, ఇటరేటరులను లోకమునకు సుపరిచితములుగాఁ జేసెను.

ఇటరేటరు మూఁడు సంగతులను నమ్ముకొని నడచును. మొదటిది, తానిప్పుడున్న స్థానము. రెండవది, తరువాతి వస్తువు ఉండు స్థానము. మూఁడవది, ఆఁగవలసిన స్థానము. నడక ముగియువఱకు ఈ మూఁడును నిజములై యుండవలెను. నడుమ ఎవ్వరైనను జాబితాను మార్చినచో నీ మూఁటిలో నేదో యొకటి అసత్యమగును. ఈ పాఠమునకు మూలమిదియే. ఇఁక దీని ఫలములను పరిశీలింతము.

2. నడచుచు తీసివేయుట

పరీక్షకు రుసుము చెల్లింపవలసిన విద్యార్థుల జాబితా యొకటి కలదనుకొందము. అందు రాము, సుశీల, యాకోబు, మరియమ్మ, వెంకయ్య అను ఐదు పేర్లు వరుసగా నున్నవి. వీరిలో సుశీల, యాకోబు, మరియమ్మ రుసుము చెల్లించిరి. చెల్లించినవారి పేర్లను తొలఁగింపవలెను. మిగిలినవారికి హాలుటిక్కెట్టు ఇయ్యఁబడదు.

ఒక విద్యార్థి పైథాను భాషలో నిట్లు వ్రాసెననుకొనుఁడు: జాబితాలోని ఒక్కొక్క పేరును చూడుము, ఆ పేరుగలవారు రుసుము చెల్లించియుండినచో ఆ పేరును ఈ జాబితానుండియే తీసివేయుము. చదువునపుడు ఇందు తప్పేమియుఁ గానరాదు. కాని జరుగునది చూడుఁడు. పైథాను లిస్టులో స్థానములను 0 మొదలుకొని లెక్కింతురు. ఇటరేటరు జ్ఞాపకముంచుకొనునది స్థానసంఖ్యయే గాని పేరు కాదు.

స్థానము 0: రాము. చెల్లింపలేదు, పేరు నిలిచినది.

స్థానము 1: సుశీల. చెల్లించినది, పేరు తీసివేయఁబడినది. వెంటనే తక్కినవారు ముందునకు జరుగుదురు. ఇప్పుడు జాబితా రాము, యాకోబు, మరియమ్మ, వెంకయ్య. యాకోబు స్థానము 1 లోనికి వచ్చినాఁడు.

స్థానము 2: ఇటరేటరు 1ని విడిచి 2నకుఁ బోయినది. అచ్చట నున్నది మరియమ్మ. యాకోబును ఎవ్వరును చూడలేదు! మరియమ్మ పేరు తీసివేయఁబడినది. జాబితా రాము, యాకోబు, వెంకయ్య.

స్థానము 3: జాబితాలో నిప్పుడు ముగ్గురే గావున స్థానము 3 లేదు. నడక ముగిసినది. వెంకయ్యను కూడ ఎవ్వరును చూడలేదు.

తుదకు మిగిలినవారు రాము, యాకోబు, వెంకయ్య. రుసుము చెల్లించిన యాకోబు చెల్లింపనివారిలోఁ జేరెను. వెంకయ్య విషయమున ఫలము సరియైనను అది యాదృచ్ఛికమే. అతఁడును చెల్లించియుండినచో నతనికిని అన్యాయమే జరిగియుండెడిది. కంప్యూటరు ఏ హెచ్చరికయు నొసంగలేదు. ప్రోగ్రాము నిరాటంకముగా ముగిసినది. పరీక్ష దినమున ద్వారముకడ నిలిచిపోవు బాలుఁడు తన తప్పేమో తానెఱుఁగఁడు.

ఇందు మఱియొక విశేషము గలదు. తీసివేయవలసిన పేర్లు రెండు ప్రక్కప్రక్కన లేనియెడల ఈ ప్రోగ్రాము సరియైన ఫలమునే యిచ్చును. దాఁటిపోవఁబడిన పేరు ఎట్లును నిలువవలసినదే గదా. కావున రెండు మూఁడు మాఱులు పరీక్షించి, "సరిగా నున్నది" అని తృప్తిపడినవాఁడు మోసపోవును. ఇట్టి దోషము సంవత్సరములకొలఁది దాఁగియుండి, యాకోబు పేరు సుశీల పేరు ప్రక్కనఁ బడిన దినమున బయల్పడును.

3. హెచ్చరించు భాషలు

కొన్ని భాషలు ఈ దోషమును కనిపెట్టి నడకను ఆపివేయఁ బ్రయత్నించును. జావా భాషలోని జాబితా తనలో నెన్ని మార్పులు జరిగినవో లెక్క నుంచుకొనును. ఇటరేటరు బయలుదేఱునపుడు ఆ లెక్కను గుర్తుపెట్టుకొని, తరువాతి వస్తువును తీసుకొను ప్రతిసారియు సరిచూచుకొనును. లెక్క మాఱియుండినచో, నడక సాగుచుండఁగా జాబితా మార్పుచెందెనని చాటి ప్రోగ్రామును నిలుపును. పైథానులోని డిక్షనరీ కూడ తన పరిమాణము నడుమ మాఱినచో నిట్లే నిలిచిపోవును. నిలిచిపోవుట మంచిదే. తప్పుడు ఫలమును నిశ్శబ్దముగా నిచ్చుటకంటె పని నాపుట యెంతయో మేలు.

అయినను ఈ కాపలా సంపూర్ణము కాదు. జావాలో ఐదు పేర్ల జాబితాలో నాలుగవ పేరును చూచునపుడు దానిని తీసివేయుదుమనుకొందము. జాబితా పరిమాణము నాలుగగును. ఇటరేటరు చూచినవి నాలుగు. "ఇంకను ఉన్నవా?" యని యడుగఁగా పరిమాణమును, చూచినసంఖ్యయు సమానమగుటచే "లేవు" అను సమాధానమే వచ్చును. మార్పుల లెక్కను సరిచూచు సందర్భమే రాదు. ఐదవ పేరు చూడఁబడకయే నడక ముగియును. ఈ హెచ్చరికను నమ్ముకొని ప్రోగ్రాము వ్రాయరాదని జావా గ్రంథములే చెప్పుచున్నవి. కాపలావాఁడున్నాఁడని తలుపు తెఱచియుంచుట తగదు గదా.

సీ ప్లస్ ప్లస్ భాషలో స్థితి యింతకంటెఁ గఠినము. వెక్టరులో నొక వస్తువును తీసివేసిన పిమ్మట, ఆ వస్తువు మీఁదను, దాని తరువాతి వస్తువుల మీఁదను ఉన్న ఇటరేటరులన్నియుఁ జెల్లనివగును. చెల్లని ఇటరేటరును జరిపినచో నేమగునో ప్రమాణగ్రంథము చెప్పదు. ప్రోగ్రాము సరిగా నడచినట్లు కనఁబడవచ్చును, తప్పు చెప్పవచ్చును, కూలిపోవచ్చును. ఏది జరిగినను భాష దానికి బాధ్యత వహింపదు.

4. నివారణోపాయములు

ఉపాయములు నాలుగు గలవు.

మొదటిది: క్రొత్త జాబితాను తయారుచేయుట. పాతజాబితాను ఏ మాత్రము ముట్టక, నిలువవలసిన పేర్లను మాత్రము క్రొత్త జాబితాలో వ్రాసికొని, తుదకు పాతదాని స్థానమున క్రొత్తదాని నుంచవలెను. పైథానులో నిది యొక్క వాక్యముతోఁ బూర్తియగును. ఆరంభించువారి కిదియే ఉత్తమమార్గము. జాబితాకు నకలు తీసి, నకలులో నడచుచు అసలును మార్చుట గూడ నిట్టిదే.

రెండవది: చివరనుండి మొదటికి నడచుట. వెంకయ్యతో నారంభించి వెనుకకుఁ బోయినచో, మరియమ్మను తీసివేసినపుడు ముందునకు జరుగువాఁడు వెంకయ్య యొక్కఁడే. అతనిని మన మిదివఱకే చూచియున్నాము. ఇంకను చూడవలసిన యాకోబు, సుశీల, రాము తమ స్థానములలోనే యుందురు. తుదకు రాము, వెంకయ్య మిగులుదురు. ఇదియే సరియైన ఫలము.

మూఁడవది: తీసివేయు పనిని ఇటరేటరు ద్వారముననే చేయించుట. జావాలో ఇటరేటరునకే తీసివేయు శక్తి గలదు. అది తన లెక్కను తానే సవరించుకొనును. సీ ప్లస్ ప్లస్ వెక్టరులో ఎరేజ్ అను ఆజ్ఞ తీసివేయఁబడిన వస్తువునకుఁ దరువాతి వస్తువును చూపు క్రొత్త ఇటరేటరును మనకుఁ దిరిగి యిచ్చును. ఆ క్రొత్తదానినే గ్రహించి నడక సాగింపవలెను. తీసివేసినపుడు మరల ముందునకు జరుపరాదు. తీసివేయనపుడు మాత్రమే జరుపవలెను.

నాలుగవది: రెండు వ్రేళ్ల పద్ధతి. ఒక వ్రేలు చదువుచుఁ బోవును. రెండవ వ్రేలు వ్రాయుచుఁ బోవును. చదివిన పేరు నిలువవలసినదైనచో రెండవ వ్రేలున్న చోట వ్రాసి దానిని ఒక గది జరుపవలెను, కానిచో ఊరకుండవలెను. మన ఉదాహరణములో రాము మొదటి గదిలోను, వెంకయ్య రెండవ గదిలోను వ్రాయఁబడుదురు. తుదకు రెండవ వ్రేలు దాఁటిన గదులన్నియుఁ గొట్టివేయవలెను. ఈ చివరిపనిని మఱచినచో పాతపేర్లు తోఁకవలె వ్రేలాడుచుండును. సీ ప్లస్ ప్లస్ వ్రాయువారు దీనిని రెండు ఆజ్ఞలతోఁ జేయుచుండిరి. 2020 నాఁటి ప్రమాణములో రెండును గలసి యొక్క ఆజ్ఞయైనవి. జావాలో 2014 నుండియు నిట్టి యాజ్ఞ గలదు.

వేగమునందును ఈ నాలుగవపద్ధతికి ఆధిక్యము గలదు. 10,000 పేర్ల జాబితాను మొదటినుండి ఒక్కొక్కటిగా తీసివేసి ఖాళీచేయుదుమనుకొందము. మొదటిపేరు తీయఁగా 9,999 పేర్లు జరుగును. రెండవది తీయఁగా 9,998. ఇట్లు మొత్తము కూడఁగా 4,99,95,000 జరుపుళ్లు. రెండు వ్రేళ్ల పద్ధతిలోనైనచో 10,000 పేర్లను ఒక్కమాఱు చదువుటయే. అంకగణితములోని శ్రేఢుల సంకలనము ఇచ్చట నెట్లు ఉపయోగపడినదో విద్యార్థులు గమనింతురుగాక.

5. నడచుచు చేర్చుట

తీసివేయుటయందే గాక చేర్చుటయందును ప్రమాదము గలదు. పైథానులో నొక జాబితాయందు నడచుచు, చూచిన ప్రతి వస్తువునకు నొక క్రొత్త వస్తువును చివరఁ జేర్చుచుఁ బోయినచో, గమ్యస్థానము మనతోపాటే దూరముగా జరుగుచుండును. మెమరీ నిండువఱకు నడక ముగియదు.

వెక్టరులో జరుగునది వేఱు. వెక్టరు కొంత స్థలమును ముందుగానే పుచ్చుకొని యుండును. నలుగురికి స్థలముండఁగా నలుగురు నిండిన పిదప ఐదవవానిని చేర్చినచో, అది వేఱొకచోట పెద్దస్థలమును సంపాదించి, వస్తువుల నన్నింటిని అచ్చటికి తరలించి, పాతస్థలమును వదలివేయును. జీ సీ సీ అను ప్రసిద్ధ కంపైలరుతో వచ్చు గ్రంథాలయములో స్థలమిట్లు ప్రతిసారియు రెట్టింపగును. తరలింపు జరిగినపుడు మన ఇటరేటరు మాత్రము పాతస్థలమునే చూపుచుండును. అద్దెయిల్లు ఖాళీచేసి పోయిన బంధువునకు పాత చిరునామాకే ఉత్తరము వ్రాసినట్లగును. ఇల్లు ఖాళీగా నుండవచ్చును, అపరిచితుఁడు దిగియుండవచ్చును, ఇల్లే పడఁగొట్టఁబడి యుండవచ్చును.

ఎన్ని వస్తువులు రానున్నవో ముందే తెలిసినచో అంత స్థలమును ముందే కోరుకొనవచ్చును. అప్పుడు తరలింపు జరుగదు. లింకుడు లిస్టులో క్రొత్తదానిని చేర్చినను తక్కినవి కదలవు. తీసివేసిన వస్తువును చూపు ఇటరేటరు మాత్రమే చెడును. హాష్ టేబులు పెరిగినపుడు గదుల యేర్పాటే మాఱును గావున నడక క్రమము చెడును. కాఁబట్టి ఏ కంటెయినరును ఉపయోగించుచున్నామో దాని నియమమును ముందుగాఁ దెలిసికొనుట అవసరము. ఒకదాని నియమము మఱియొకదానికిఁ జెల్లదు.

6. వస్తువుల యాయువు

ఇంతవఱకు చెప్పినదానిలో నొక లోతైన సంగతి ఇమిడియున్నది. ఇటరేటరు చెడుటకు ముఖ్యకారణము, అది చూపు వస్తువు ఆయువు తీఱుటయే. కావున ఆయువును గుఱించి వేఱుగా విచారింపవలసియున్నది.

ప్రోగ్రాములోని వస్తువులు సాధారణముగా మూఁడు తెఱఁగులు. కొన్ని, ఒక ఫంక్షను పని నారంభించినపుడు పుట్టి, అది ముగియఁగానే నశించును. కొన్ని, ప్రోగ్రాము ఉన్నంతకాలము నుండును. కొన్ని, మనము కోరినపుడు పుట్టి, మనము వదలినపుడు నశించును. వస్తువున్న మెమరీ చిరునామాను చూపు గుర్తునకు పాయింటరని పేరు. వస్తువు నశించినను పాయింటరు తనంతట తాను నశింపదు. ఇదియే కష్టమునకు మూలము.

ఒక ఫంక్షను తనలోఁ బుట్టిన వస్తువు చిరునామాను బయటికి పంపినదనుకొందము. బయటివారు ఆ చిరునామాను అందుకొనునప్పటికే వస్తువు లేదు. ఐనను ఆ తావులో పాత అక్షరములు కొంతసేపు చెరగకయే యుండవచ్చును. కావున మొదటిమాఱు చదివినపుడు సరియైనదే కనఁబడును. పిమ్మట వేఱొక వస్తువు ఆ తావునకు వచ్చినపుడు ఫలము మాఱిపోవును. దోషమున్న వాక్యమొకటి, దోషము కనఁబడు వాక్యము మఱియొకటి; ఈ రెంటి నడుమ వేలకొలఁది వాక్యములుండవచ్చును. ఇట్టి దోషమును వెదకుట అనుభవజ్ఞులకును కష్టమే.

నడకయు, ఆయువును ఒకేచోటఁ గలసిన ఉదాహరణ మొకటి సీ ప్లస్ ప్లస్ లో గలదు. 2011 నాఁటి ప్రమాణములో జాబితాను సులభముగా నడచుటకు క్రొత్త వాక్యరూప మొకటి ప్రవేశపెట్టఁబడెను. ఒక ఫంక్షను తాత్కాలిక వస్తువు నొకదానిని తిరిగి యిచ్చి, ఆ వస్తువు లోపలి జాబితాలో మనము నడవఁబోయినచో, నడక మొదలుపెట్టకమునుపే తాత్కాలిక వస్తువు నశించెడిది. లోపలి జాబితాయు దానితోనే పోయెడిది. వాక్యము చూచుటకు నిర్దోషముగా నుండుటచే పెక్కండ్రు మోసపోయిరి. సీ ప్లస్ ప్లస్ 23 అను ప్రమాణములో ఈ నియమమును సవరించి, నడక ముగియువఱకు ఆ తాత్కాలిక వస్తువు జీవించునట్లు చేసిరి. అయినను పాత కంపైలరులను వాడువారు అట్టి వస్తువునకు ముందుగా నొక పేరిడి, పిమ్మట నడచుటయే క్షేమము.

7. ఆయువును కాపాడు పద్ధతులు

సీ భాషలో స్థలమును కోరుటయు, వదలుటయు ప్రోగ్రాము వ్రాయువాని భారమే. వదలుట మఱచినచో మెమరీ వృథాయగును. రెండుమాఱులు వదలినచో లెక్కలు చెడును. వదలిన పిదప వాడినచో పైని చెప్పిన అనర్థములు కలుగును. సీ ప్లస్ ప్లస్ లో వస్తువు ఆయువును ఫంక్షనులోని యొక భాగమునకు ముడివేసి, ఆ భాగము ముగియఁగానే స్థలము తనంతట తాను వదలఁబడునట్లు ఏర్పాటు చేయవచ్చును.

రెండవ పద్ధతి, ఒక వస్తువును ఎందఱు చూపుచున్నారో లెక్క నుంచుట. లెక్క సున్నకు వచ్చినపుడు వస్తువు వదలఁబడును. దీనిని జార్జి కాలిన్స్ అను విద్వాంసుఁడు 1960లో ప్రకటించెను. పైథానులో నేఁటికిని ఈ పద్ధతి వాడుకలో నున్నది. ఇందొక లోపము: రెండు వస్తువులు ఒకదాని నొకటి చూపుకొనుచున్నచో, బయటివారెవ్వరికిని వానితోఁ బని లేకున్నను, లెక్క సున్నకు రాదు. అట్టి వలయములను వెదకి తొలఁగించుటకు పైథానులో ప్రత్యేకమైన యేర్పాటు గలదు.

మూఁడవది, చెత్తయేఱు పద్ధతి. ప్రోగ్రాము చేరఁగలిగిన వస్తువులనెల్ల గుర్తించి, మిగిలినవానిని ఊడ్చివేయుదురు. జాన్ మెకార్తీ లిస్పు భాషకై దీనిని కనిపెట్టి 1960లో వివరించెను. జావా ఈ మార్గమునే అనుసరించినది.

ఈ రెండు పద్ధతులును వస్తువు అకాలముగా నశింపకుండఁ గాపాడును. అయితే అవి యాకోబును రక్షింపలేకపోయెను గదా! పైథానులో మెమరీ దోషమేమియు లేదు. అయినను జాబితా తప్పే. కావున వస్తువు బ్రదికియుండుట వేఱు, నడకక్రమము చెడకుండుట వేఱు.

ఈ రెంటికిని ఒకే నియమముతో సమాధానము చెప్పఁ బ్రయత్నించిన భాష రస్ట్. దాని మొదటి స్థిరరూపము 2015 మే నెలలో వెలువడెను. అందలి నియమమిది: ఒక వస్తువును ఎందఱైనను చూడవచ్చును, లేదా ఒక్కరు మార్చవచ్చును, చూచుటయు, మార్చుటయు ఏకకాలమున జరుగరాదు. జాబితాలో నడచుచున్నంతసేపు దానిని చూచుచున్నట్లే. కావున నడుమ దానిని మార్చు వాక్యమును కంపైలరు అంగీకరింపదు. వస్తువునకంటె దానిని చూపు గుర్తు ఎక్కువకాలము జీవించుటను కూడ అంగీకరింపదు. దోషము ప్రోగ్రాము నడచునపుడు గాక, వ్రాయునపుడే పట్టుపడును. అయినను ఇటరేటరును విడిచి స్థానసంఖ్యలతో నడచువాఁడు రస్ట్ లోనైనను పేర్లను దాఁటిపోవచ్చును. భాష యెంత సాయపడినను వివేకము మనదై యుండవలెను.

8. అనర్థమునకు నిదర్శనము

ఇట్టి దోషములు పుస్తకములలోని చిక్కుప్రశ్నలు మాత్రమే కావు. 2010 జనవరి 12వ తేదీని గూగుల్ సంస్థ తనపై జరిగిన దాడిని లోకమునకుఁ దెలియఁజేసెను. మఱికొన్ని సంస్థలును ఆ దాడికి లోనైనవి. చైనా దేశములో మానవహక్కులకై పాటుపడువారి ఉత్తరములను చదువుట ఆ దాడిచేసినవారి ఉద్దేశములలో నొకటియని గూగుల్ పేర్కొనెను. దాడికి ఉపయోగపడిన ద్వారము ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు అను బ్రౌజరులోని యొక దోషము. నశించిన వస్తువును చూపు పాయింటరును బ్రౌజరు మరల వాడుటయే ఆ దోషము. వస్తువు వదలిపోయిన తావులో దుష్టులు తమ అక్షరములను నింపి, బ్రౌజరు వానినే నమ్మి నడచునట్లు చేసిరి. మైక్రోసాఫ్ట్ సంస్థ జనవరి 21వ తేదీని సవరణను వెలువరించెను. ఖాళీయింట అపరిచితుఁడు దిగుట యనిన నిదియే.

ఇది యొక్కటియే కాదు. తాము ఏఁటేఁట సవరించు భద్రతాలోపములలో నూటికి సుమారు 70 మెమరీకి సంబంధించినవని మైక్రోసాఫ్ట్ వారు 2019లోఁ జెప్పిరి. క్రోమ్ బ్రౌజరును నిర్మించువారును తీవ్రమైన లోపములలో నూటికి సుమారు 70 ఇట్టివే యనియు, వానిలో సగము నశించిన వస్తువును వాడుటచేఁ గలిగినవే యనియు 2020లోఁ బ్రకటించిరి. గొప్ప నిపుణులు వ్రాసిన ప్రోగ్రాములలోనే యిట్లుండఁగా, నేర్చుకొనువారు ఎంత జాగరూకులై యుండవలెనో చెప్పనక్కఱలేదు.

పెద్ద ప్రోగ్రాములలో నీ దోషము కలుగుటకు మఱియొక కారణము గలదు. నడచునది మనము, మార్చునది వేఱొకరు. ఒక్కొక్క వస్తువును చూచి మనమొక ఫంక్షనును పిలుతుము. అది మఱియొకదానిని పిలుచును. ఆ మూఁడవది మన జాబితాలోని వస్తువును తీసివేయును. మన వాక్యములలో తీసివేయు మాటయే కానరాదు. కావున నడక మధ్యమున నితరుల ఫంక్షనును పిలువవలసివచ్చినచో, జాబితాకు నకలు తీసికొని నడచుటయు, నకలులోని యొక్కొక్క వస్తువు ఇంకను బ్రదికియున్నదో లేదో చూచుకొనుటయు యుక్తము.

9. జ్ఞాపకముంచుకొనవలసిన నియమములు

(అ) నడచుచున్న జాబితాను నడుమ మార్పకుము. ఏమి మార్పవలెనో ముందు నిర్ణయించి, నడక ముగిసిన పిమ్మట మార్పుము.

(ఆ) మార్పక తప్పనిచో, ఆ కంటెయినరు విధించిన మార్గముననే మార్పుము. అది తిరిగి యిచ్చిన క్రొత్త ఇటరేటరునే వాడుము.

(ఇ) గుర్తునకంటె వస్తువు ఎక్కువకాలము జీవించునట్లు చూచుకొనుము. తాత్కాలిక వస్తువునకు పేరిడి నిలుపుము.

(ఈ) వస్తువునకు యజమాని యెవరో ప్రోగ్రాము వ్రాయకమునుపే నిర్ణయింపుము. యజమాని లేని వస్తువు వృథాయగును. యజమానులు ఇద్దఱైనచో రెండుమాఱులు వదలఁబడును.

(ఉ) ప్రోగ్రామును పరీక్షించునపుడు తీసివేయవలసిన వస్తువులు ప్రక్కప్రక్కన ఉండునట్లును, మొదటను, చివరను ఉండునట్లును, అన్నియు తీసివేయవలసినవే యగునట్లును, జాబితా ఖాళీగా నుండునట్లును ఉదాహరణములను కల్పించి చూడుము.

10. అభ్యాసప్రశ్నలు

1. 2, 4, 6, 7 అను సంఖ్యల జాబితాలో మొదటినుండి నడచుచు సరిసంఖ్యలను ఆ జాబితానుండియే పైథాను పద్ధతిని తీసివేసినచో తుదకు 4, 7 మిగులునని స్థానములవారీగా వ్రాసి చూపుము.

2. అదే జాబితాలో చివరనుండి నడచినచో మిగులునదేది? కారణము తెలుపుము.

3. మూఁడు పేర్ల జావా జాబితాలో రెండవ పేరును చూచునపుడు జాబితానుండి తీసివేసినచో హెచ్చరిక వచ్చునా? రానిచో ఏల?

4. నాలుగు వస్తువులకు స్థలముగల వెక్టరు నాలుగు వస్తువులతో నిండియున్నది. స్థలము ప్రతిసారియు రెట్టింపగునెడల, 20 వస్తువులగువఱకు ఎన్ని తరలింపులు జరుగును? ఎన్నవ వస్తువును చేర్చునపుడు జరుగును?

5. లెక్క నుంచు పద్ధతికి అందని వలయమునకు నీ యింటినుండి గాని, నీ పాఠశాలనుండి గాని యొక పోలికను కల్పించి వ్రాయుము.

ఈ ప్రశ్నలకు కంప్యూటరు లేకయే సమాధానములు వ్రాయవచ్చును. కంప్యూటరున్నవారు ముందుగా కాగితముపై వ్రాసికొని, పిమ్మట యంత్రముతో సరిచూచుకొందురుగాక. కాగితముపై నొక్కొక్క స్థానమును ఓపికతో వ్రాసి చూచినవారికి దాఁటిపోయిన పేరు కనఁబడక మానదు. నేఁడు ఈ పాఠమును చదువు విద్యార్థులలోఁ గొందఱు ముందుముందు ఆసుపత్రుల రోగులపట్టీలను, బ్యాంకుల ఖాతాలను, విద్యార్థుల పరీక్షాఫలములను నడపు ప్రోగ్రాములను వ్రాయవచ్చును. ఆ పట్టీలలోని ఒక్కొక్క పేరు వెనుక నొక్కొక్క మనుష్యుఁడు గలఁడని యెఱిఁగి, ఏ పేరును దాఁటిపోకుండ నడచుట నిప్పుడే అభ్యసింతురని మా కోరిక.